తవ్వకానికి ముందే మా గోడల లెక్క రాసిపెట్టండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

కాజీపేట నుంచి హనుమకొండ మీదుగా వరంగల్ రైల్వేస్టేషన్ దాకా నగర రైలు వేయాలన్న మాట మన ఊరిలో కొన్నేళ్లుగా వినబడుతూనే ఉంది. రబ్బరు చక్రాల మీద నడిచే మెట్రో నియో కోసం మహారాష్ట్ర మెట్రో సంస్థ వారు సుమారు 15 కిలోమీటర్ల మార్గానికి నివేదిక తయారుచేసిన నాటి నుంచి ఆ మాట ఒకసారి పైకి లేస్తుంది, మళ్లీ కొన్నాళ్లు అణగిపోతుంది. లేచినప్పుడల్లా ఇరుకు బజార్ల సంగతి వస్తుంది. పోచమ్మ మైదాన్ మొదలు చౌరస్తా, స్టేషన్ రోడ్డు దాకా స్తంభాలు నిలపడానికి చోటు లేదు కనుక అక్కడ సొరంగం తవ్వి, స్టేషను కూడా భూమి కిందనే కట్టడం మేలని చదువుకున్నవారు సైతం అంటున్నారు. సొరంగం కింద నుంచి పోతుంది కాబట్టి పైనున్నవారికి ఏ ఇబ్బందీ ఉండదన్న నమ్మకం ఆ మాట వెనక ఉంది. రైలు రావాలని మనసారా కోరుకునే మనిషినే అయినా, ఆ నమ్మకం సరైనది కాదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను శివనగర్‌లో పుట్టి పెరిగినదాన్ని. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. మా నాన్న ఆజంజాహీ మిల్లు కార్మికుడు. 1886లో నిజాం రైలు వరంగల్ చేరి, మరి మూడేళ్లకు బెజవాడ దాకా సాగి ఉండకపోతే 1934లో ఆ మిల్లు ఇక్కడ వెలిసేది కాదనే నేను అనుకుంటాను. 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య లైను పూర్తయ్యాక ఢిల్లీ, మద్రాసు బండ్లు మన గడప ముందు నుంచే పోసాగాయి. రైలు పెట్టిన తిండి తిన్న ఇల్లు మాది. అయినా ఆ పట్టాలే ఊరిని రెండు ముక్కలు చేశాయన్నదీ నిజమే. శివనగర్, కరీమాబాద్, రంగశాయిపేట, ఖిలా వరంగల్ ఒక వైపు మిగిలిపోతే, పెద్ద బజార్లూ ఎంజీఎం, సీకేఎం ఆసుపత్రులూ మరో వైపు పడ్డాయి. వాన గట్టిగా కొడితే స్టేషను పక్కనున్న అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. నొప్పులు పడుతున్న మనిషిని కాన్పుకు తీసుకుపోయే ఆటో ఆ నీళ్ల ముందు ఆగిపోవడం మా వాడలో దాదాపు ప్రతి ఇంటికీ అనుభవమే. పట్టాలు వేసినవారికి మా మీద కోపమేమీ లేదు. మనిషి ఎక్కడ దాటుతాడు, ఎందుకు దాటుతాడు అన్నది వారు గీసిన పటంలోకి రాలేదు, అంతే. నూట నలభై ఏళ్ల కిందటి ఆ లోపాన్ని కొత్త పటంలో మళ్లీ రానివ్వకూడదు.

సొరంగం పైనున్న ఇల్లు ఏమవుతుందో చెప్పే ముందు, దానికంటే ఎంతో చిన్న తవ్వకంతో మా ఇంటికి ఏమైందో చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా గల్లీ చివర పెద్ద మురుగు కాలువ కోసం రెండు నిలువుల లోతు తవ్వారు. మూడు నెలల్లో పూర్తవుతుందన్న పని పద్నాలుగు నెలలు నడిచింది. పైన మొరం తేలికగానే వచ్చింది కానీ, ఆ కింద రాయి తగిలేసరికి బ్రేకర్ యంత్రాన్ని తెచ్చారు. అది మొదలైన వారానికి మా ముందు గది తలుపు గొళ్లెం పడడం మానేసింది. వానకు చెక్క ఉబ్బిందనుకున్నాను కానీ అవి వేసవి రోజులు. మరి కొన్నాళ్లకు దర్వాజ మూల నుంచి పైకప్పు వైపు ఏటవాలుగా ఒక పగులు కనబడింది, మొదట వెంట్రుకంత, తరువాత పావలా బిళ్ల దూరేటంత.

మాకు ఎప్పుడూ పని చేసే మేస్త్రి వచ్చి చూసి, బొటనవేలంత గాజు ముక్కను ఆ పగులుకు అడ్డంగా పెట్టి రెండు కొసలా సిమెంటుతో అతికించాడు. పక్కన గోడ మీద పెన్సిలుతో తేదీ రాయమన్నాడు. "నెల రోజులల్ల గిది పలిగితే గోడ ఇంకా కదులుతున్నట్టు టీచరమ్మా, పలగకుంటె నిలవడ్డట్టు" అన్నాడు. పందొమ్మిదో రోజు ఉదయం గాజు నడుమకు విరిగి ఉంది. ఆ రెండు ముక్కలూ కాగితంలో చుట్టుకొని పని జరిగే చోటికి వెళ్లి అక్కడి ఇంజనీరుకు చూపించాను. ఆయన అమర్యాదగా మాట్లాడలేదు, కుర్చీ వేసి మంచినీళ్లు కూడా ఇప్పించాడు. అయితే ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "మేడమ్, ఈ క్రాక్ మేము రాకముందు లేదని చెప్పడానికి మీ దగ్గర ఏముంది?"

నా దగ్గర ఏమీ లేదు. మంచిగా ఉన్న గోడకు ఎవరు ఫోటో తీసి పెట్టుకుంటారు? పెళ్లి ఆల్బముల్లో వెతికితే ఆ గది ఫోటో ఒకటి దొరికింది కానీ, దర్వాజ మూలకు మామిడి తోరణం అడ్డం వచ్చింది. చివరికి ఆ గోడను నా పింఛను డబ్బుతోనే బాగు చేయించుకున్నాను. నాకు పింఛను ఉంది కనుక సరిపోయింది. మా వెనక గల్లీలో బీడీలు చుట్టుకొని బతికే ఇళ్లకూ పగుళ్లు వచ్చాయి, వాటిలో కొన్ని ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

రెండు నిలువుల కాలువకే ఇంత జరిగింది. సొరంగం ఇరవై మీటర్ల లోతున పోతుందనుకుందాం. తవ్వినప్పుడు తీసిన మట్టికీ, దాని చోట కట్టిన కాంక్రీటు గోడకూ మధ్య ఎంత జాగ్రత్తపడినా కొంత ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలోకి పై నేల కొద్దికొద్దిగా దిగుతుంది. భూమి మీద అది పెద్ద తాంబాళం ఆకారంలో, నడుమ ఎక్కువగా, అంచుల్లో తక్కువగా కుంగుతుంది. మెత్తటి నేలలో సొరంగం ఎంత లోతున ఉంటే ఇరుపక్కలా దాదాపు అంత దూరం, కొన్నిచోట్ల అంతకు కొంచెం ఎక్కువ దూరం, ఆ కుంగుబాటు పాకుతుందని ఇంజనీర్లే చెబుతారు. కుంగేది మిల్లీమీటర్లలోనే కావచ్చు. ఇల్లంతా ఒక్కలా దిగితే గోడకు ఏమీ కాదు, ఒక మూల దిగి మరో మూల నిలిచిపోతేనే గోడ చీలుతుంది. గిర్మాజీపేట, మట్టెవాడ, పిన్నావారి వీధి, బీట్ బజార్ వైపు గోడకు గోడ ఆనించి, డంగుసున్నంతోనో మట్టితోనో కట్టిన పాత ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట సొరంగానికి అటూ ఇటూ ఇరవై మీటర్లంటే మూడు నాలుగు వరుసల కాపురాలు.

కలకత్తా బౌబజార్‌లో 2019 ఆగస్టు 31న జరిగింది మనకు తెలియాలి. ఈస్ట్ వెస్ట్ మెట్రో సొరంగం తవ్వుతున్న యంత్రం భూమిలోని నీటి పొరను తాకింది. నీరూ ఒండ్రూ సొరంగంలోకి దూసుకురావడంతో పైన తరతరాల పాత ఇళ్లు బీటలు వారి, ఒరిగి, కొన్ని కూలిపోయాయి. వందల మంది కట్టుబట్టలతో బయటికి వచ్చి హోటళ్లలో తలదాచుకున్నారు. అది నగల పనివారి పేట, ఇంట్లోనే దుకాణం, దుకాణంలోనే పడక. 2022 మే నెలలో ఒకసారి, అక్టోబరులో మరోసారి అదే చోట మళ్లీ ఇళ్లు బీటలు వారాయి. ఎస్ప్లనేడ్, సియాల్దా మధ్యనున్న ఆ ముక్కలో రైలు నడిచేసరికి 2025 ఆగస్టు వచ్చింది. చెన్నైలో 2017 ఏప్రిల్‌లో అన్నా సాలై మీద నేల కుంగి ఒక బస్సూ ఒక కారూ గుంతలో దిగబడ్డాయి, కింద మెట్రో పని జరుగుతోంది. ఇవి సొరంగం వద్దనడానికి చెబుతున్నవి కావు. ఢిల్లీ పాతబస్తీలో చావ్రీ బజార్ కింద లోతైన స్టేషను కట్టగలిగారు, రోజూ వేల మంది దాన్ని వాడుకుంటున్నారు. పనితనం ఉంటే కట్టవచ్చు. తేడా వచ్చిన రోజున పైనున్నవారి చేతిలో ఏ కాగితం ఉంటుందన్నదే నా ప్రశ్న.

మన నేల కలకత్తా నేల కాదు, గట్టి నల్లరాతి నేల కనుక భయం లేదని కొందరు ధైర్యం చెబుతారు. రాయి గట్టిదే, దాని లోపల సొరంగం నిలుస్తుంది కూడా. అయితే పైన మొరం, దాని కింద గుండ్రాళ్లు కలిసిన పొర, ఆ కింద అఖండ శిల ఉన్న నేలలో యంత్రం సగం మెత్తనిదీ సగం గట్టిదీ ఒకేసారి కోయాల్సి వస్తుంది. ఇలాంటి నేల మీదనే ఉన్న బెంగళూరులో గోదావరి అని పేరు పెట్టిన యంత్రం మెజెస్టిక్, చిక్‌పేట మధ్య నెలల తరబడి చిక్కుబడిపోయింది. యంత్రం పని చేయనిచోట పేలుళ్లు తప్పకపోవచ్చు. పేలుళ్లంటే ఏమిటో గోదావరిఖని, భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల పక్కన కాపురముండేవారికి ఎవరూ చెప్పనవసరం లేదు, బ్లాస్టింగ్ వేళకు అరల్లో గిన్నెలు మోగడం వారికి నిత్యకృత్యం. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఈ అదురుకు హద్దులు పెట్టింది. అతి తక్కువ పౌనఃపున్యపు, అంటే నెమ్మదిగా ఊగే, అదురు వేగం మామూలు ఇళ్ల దగ్గర సెకనుకు 5 మిల్లీమీటర్లు, చారిత్రక కట్టడాల దగ్గర 2 మిల్లీమీటర్లు దాటకూడదు. నగరంలో రాయి పేల్చేవారు ఆ కొలత యంత్రాన్ని ఎవరి గడపలో పెడతారో, ఆ రోజు అంకె ఎంతో అదే గల్లీలో బోర్డు మీద రాసి చూపాలి.

చారిత్రక కట్టడాల మాట వచ్చింది కనుక మరొకటి చెప్పుకోవాలి. కాకతీయులు గుళ్లకు పునాదిగా ఇసుక పోసి దాని మీద రాళ్లు నిలిపారు. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, మళ్లీ పేర్చి, 2024 మార్చిలో తెరిచేసరికి పదిహేనేళ్లకు పైగా పట్టిందంటే ఆ రాళ్ల కింద ఇసుక ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. దేవాదుల ఎత్తిపోతల పథకం సొరంగం పేలుళ్లు రామప్ప గుడికి చేటు చేస్తాయేమోనని పెద్దలు ఆందోళన చెందినదీ ఇందుకే. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు నిర్మాణం కూడదని, ఆ తరువాత మరో రెండు వందల మీటర్లు అనుమతితోనే కట్టాలని పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతోంది. కోటకూ గుడికీ ఆ రక్షణ ఉంది, సంతోషం. అయితే కోట బయట, ఇప్పటి బజార్ల కింద, ఎన్ని శిల్పాలు పడి ఉన్నాయో ఎవరికి తెలుసు? గ్రీసు దేశంలోని థెస్సలోనికిలో 2006లో మొదలైన మెట్రో 2024 నవంబరు 30న గానీ నడవలేదు. స్టేషను కోసం తవ్విన గుంతలో పాత కాలపు రాజమార్గం మొత్తం బయటపడడం అందుకు ఒక కారణం. మన దగ్గర అలాంటిదేదైనా బయటపడితే పని ఆగినన్నాళ్లూ గుంత పక్కనున్న దుకాణాల గతేమిటో ముందే అనుకోవాలి.

భూగర్భ స్టేషనంటే సొరంగంలా కనబడకుండా తవ్వేది కాదు. సాధారణంగా దాన్ని పైనుంచే, రోడ్డును చీల్చి, పెద్ద బావిలా తవ్వుతారు. రెండు వందల మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు, ఇరవై మీటర్ల లోతు అనుకుంటే 80,000 ఘనపు మీటర్ల మట్టీ రాయీ లెక్క తేలుతుంది. తవ్విన తరువాత అది వదులై ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఒక్కో టిప్పర్ పన్నెండు ఘనపు మీటర్లు మోసిందనుకుంటే ఒక్క స్టేషనుకే పదివేల ట్రిప్పులు. ఒక్క ఏడాదిలో తవ్వాలంటే, మూడు వందల పని దినాలు లెక్కించినా రోజుకు ముప్పై మూడు టిప్పర్లు నిండుగా పోవాలి, ఖాళీగా రావాలి. ఆరున్నర మీటర్ల వ్యాసంతో జంట సొరంగాలు తవ్వితే ప్రతి మీటరు ముందుకు పోవడానికి మరో ఎనిమిది టిప్పర్లు. ఇవన్నీ మండిబజార్, చౌరస్తా, జేపీఎన్ రోడ్డు మీదుగా ఏ వేళ నడుస్తాయి? పగలు నడిస్తే బజారు ఆగుతుంది, రాత్రి నడిస్తే ఇళ్లు మేలుకొంటాయి. బొంబాయిలో మూడో మెట్రో లైను పనుల చప్పుడుకు నిద్రలేని నివాసులు కోర్టుకెళితే 2017లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పని ఆపమని హైకోర్టు చెప్పవలసి వచ్చింది, మరుసటి ఏడాది ఆ ఆంక్షను తొలగించింది. కోర్టు దాకా పోగలిగినవారు కనుక ఆ కొన్నాళ్లైనా నిద్రపోయారు.

ఆ మట్టి ఎక్కడ పోస్తారన్నది నాకు అన్నిటికంటే భయం కలిగిస్తున్న సంగతి. వరంగల్‌లో ఖాళీగా కనబడే పల్లమంటే చాలాసార్లు చెరువు శిఖమే, అంటే చెరువు నిండితే నీరు నిలిచే నేలే. రాత్రికి రాత్రి నాలుగు లారీల మొరం పోస్తే తెల్లారేసరికి అది ప్లాటవుతుంది, ఇది మనం కళ్లారా చూస్తున్నదే. గొలుసుకట్టు చెరువుల దారులు పూడిపోయినందుకు 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా ఎలా పొంగిందో, 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్ట తెగి పోతననగర్ ఏమైందో ఎవరూ మరిచిపోలేదు. పది వేల టిప్పర్ల మట్టి ఏ సర్వే నంబరులో పడుతుందో పని మొదలుకాకముందే పత్రికల్లో ప్రకటించాలి. ఆ రాయి రోడ్లకూ కట్టలకూ పనికొస్తుంది, పారబోయనవసరమే లేదు. పైగా, వాన పడితే నీళ్లు నిలిచే ఊరిలో భూమి కింద స్టేషను కడుతూ, దాని మెట్లు రోడ్డు మట్టం మీదే మొదలైతే ఆ నీళ్లన్నీ మొదట దానిలోకే దిగుతాయి.

ఇప్పుడు ఇంటి యజమానులు కాని వారి సంగతి. మా ముందు మడిగెలో ఒకామె కుట్టుమిషను పెట్టుకొని పదకొండేళ్లుగా బతుకుతోంది. కాలువ తవ్విన ఆ వేసవిలో గల్లీకి అడ్డంగా గుంత, దాని మీద రెండు చెక్కలు, పక్కన మట్టి కుప్ప. పట్టుచీర చేతిలో పట్టుకొని జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చే ఆడవారు ఆ చెక్కల మీద నడవలేక వెనక్కి మళ్లారు. పెళ్లిళ్ల కాలంలో రోజుకు ఎనిమిది, పది జాకెట్లు కుట్టే మనిషి రెండు మూడింటికి దిగింది. పొదుపు సంఘం కిస్తు మాత్రం నెల తిరిగేసరికి కట్టవలసిందే. రెండు నెలలు నేను కిరాయి తీసుకోలేదు. అయినా నిలదొక్కుకోలేక ఆమె మిషను ఆటోలో వేసుకొని రంగశాయిపేటలో అక్క ఇంటి అరుగు మీదికి మారింది. పని పూర్తయ్యాక తిరిగి వచ్చింది కానీ, పాత గిరాకీలో సగం వేరే చోట అలవాటుపడిపోయింది. ఆమె నన్నొకసారి అడిగింది: "టీచరమ్మా, కొలతలు తీస్తానికి వచ్చినోళ్లు ఓనరెవరని అడిగిండ్రు. నన్నెందుకు అడగలె?" నేను దానికి జవాబు చెప్పలేకపోయాను.

జవాబు చట్టంలో ఉందని తరువాత చదివి తెలుసుకున్నాను. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం బాధిత కుటుంబమంటే భూమి పోయినవారు మాత్రమే అనలేదు. ఆ ప్రాంతంలో మూడేళ్లుగా పనిచేస్తూ దాని మీదే ప్రధానంగా బతికే కౌలుదారులు, కిరాయిదారులు, చేతిపనివారి కుటుంబాలనూ అందులో చేర్చింది. అయితే అదంతా భూమి సేకరించినప్పటి మాట. సొరంగం కింద నుంచి పోతే పైన ఇంచు భూమి కూడా సేకరించనవసరం లేని చోట్లు ఎన్నో ఉంటాయి. సేకరణ లేకపోతే ఆ లెక్కన బాధితులే లేరు, గిరాకీ పోయిన కుట్టుమిషను ఏ జాబితాలోనూ ఎక్కదు. పైగా మెట్రో, రైల్వే చట్టాల కింద జరిగే సేకరణకు సామాజిక ప్రభావ అంచనా వర్తించదు, మన రాష్ట్రం 2017లో అమలులోకి తెచ్చిన సవరణ మౌలిక వసతుల పనులకు కూడా ఆ మినహాయింపు ఇచ్చే వీలు కల్పించింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో రైలు మార్గాల ఊసే లేదు, కనుక ఆ పేరుతో జరిగే ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. అంటే ఒక పెద్ద గనికైతే ఊరి వారిని పిలిచి అడిగే సందర్భమైనా వస్తుంది, ఊరి నడుమ పోయే సొరంగానికి అదీ రాదు. ఇది నాకు ఎంత ఆలోచించినా న్యాయంగా తోచడం లేదు.

వీధి వ్యాపారుల విషయంలో 2014 చట్టం కొంత స్పష్టంగానే ఉంది. సర్వే చేసి గుర్తింపు పత్రం ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు, మరో చోటికి మార్చాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. స్టేషన్ రోడ్డు మీద పండ్ల బండ్లవారు, చెప్పులు కుట్టేవారు, పూలమ్మేవారు, ఆటో అడ్డాలు, బజారు మూటలు మోసే హమాలీలు, వీరిలో ఎంతమందికి ఆ పత్రాలున్నాయో పని మొదలవ్వకముందు చూడాలి, మొదలైన తరువాత చూస్తే అక్కడ ఎవరూ మిగలరు.

హైదరాబాదు పాతబస్తీలో ఎంజీబీఎస్ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో కోసం ఆస్తులు పోయేవారికి గజానికి 81,000 రూపాయల చొప్పున ధర కట్టారు. ఆ ధర ఎక్కువా తక్కువా అని నేను మాట్లాడను. గజాల లెక్కన ఇచ్చే డబ్బు గజాలున్నవారి చేతికే పోతుంది. బొంబాయి గిర్గావ్, కాల్బాదేవిలో మాత్రం పాత చాల్‌ల (వరసగా గదులున్న కిరాయి భవనాల) నివాసులకు అదే పేటలో తిరిగి ఇళ్లు ఇవ్వాలని మెట్రో సంస్థ ఒప్పుకోవలసి వచ్చింది. బతుకుతెరువు పేటతో ముడిపడిన వారికి ఊరి బయట ఇల్లు ఇచ్చి లాభం లేదని అక్కడివారు పట్టుబట్టారు. మనం కూడా ఆ మాట ముందుగానే అడగాలి.

తవ్వేవారి గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగంలో నీరూ బురదా విరుచుకుపడి ఎనిమిది మంది చిక్కుకుపోయారు, ఒక్కరూ ప్రాణాలతో రాలేదు. పరాయి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినవారే అలాంటి పనిలో ఎక్కువ. వారు మన వాడల్లోనే కిరాయికి ఉంటారు, మన నీళ్లే తాగుతారు. వారి పేర్లూ బీమా కాగితాలూ కూడా ఎవరైనా చూడగలిగే జాబితాలో ఉండాలి.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. సొరంగ మార్గానికి ఇరుపక్కలా, లోతును బట్టి హద్దు గీసి, అందులోని ప్రతి ఇంటి ప్రతి గోడకూ తేదీతో ఫోటోలు తీసి, ఉన్న పగుళ్లను కొలిచి రాయాలి. పెద్ద మెట్రో పనుల్లో ఇలాంటి సర్వే కొత్తదేమీ కాదు. నేను కొత్తగా కోరేదల్లా ఆ కాగితం నకలు తెలుగులోనూ ఉర్దూలోనూ ఇంటివారి చేతిలో పెట్టి, వారి సంతకం తీసుకోవాలని. అది ఉంటే, కొత్త పగులు వచ్చిన రోజున రుజువు చూపవలసిన బాధ్యత తవ్వేవారి మీదికి మారుతుంది. దానితో పాటే మడిగె మడిగెకూ తిరిగి, యజమాని ఎవరైనా సరే, అక్కడ కూర్చొని పనిచేసేది ఎవరో, ఎన్నేళ్లుగానో, రోజు గిరాకీ ఎంతో రాసుకోవాలి. దారి మూసినన్ని నెలలూ పోయిన రాబడిలో కొంతైనా ఏ నెలకు ఆ నెల చెల్లించాలి, పని పూర్తయ్యాక ఇచ్చే పరిహారం అప్పటికే మిషను అమ్ముకున్నవారికి ఉపయోగపడదు. స్టేషను తవ్వకం సాగినన్నాళ్లూ అండర్ బ్రిడ్జి దారిని ఒక్క రోజు కూడా పూర్తిగా మూయకుండా, అంబులెన్సు పోయేటంత వెడల్పు ఎప్పుడూ వదలాలి. కట్టే స్టేషనుకు బజారు వైపు ఎన్ని ద్వారాలుంటాయో మా శివనగర్ వైపు కూడా అన్ని ఉండాలి, టికెట్టు కొనకుండానే మనిషి ఒక వైపు నుంచి మరో వైపుకు దాటిపోగలగాలి. అలా కడితే పట్టాల వల్ల విడిపోయిన ఊరు ఆ ఒక్క చోటనైనా కలుస్తుంది.

ఈ విషయమై అధికారులు ఎప్పుడు సమావేశం పెట్టినా హనుమకొండలో పగలు పదకొండు గంటలకు ఒక హాలులో పెట్టవద్దని నా మనవి. ఆ వేళకు ఆటోవాళ్లు అడ్డా మీద, హమాలీలు మూటల దగ్గర, కుట్టేవారు మిషను మీద ఉంటారు. పట్టాల ఇవతల, ఏదైనా బడి ఆవరణలో, రాత్రి ఎనిమిది తరువాత పెట్టండి. గోడకు పెద్ద పటం తగిలించి, సొరంగం గీత ఏ ఇంటి కింద నుంచి పోతుందో ఇంటి నంబర్లతో సహా చూపించండి. బడి తాళం చెవి అడిగి తీసుకురావడం, కుర్చీలు వేయించడం, మా గల్లీలో ఇంటింటికీ తిరిగి చెప్పి రావడం నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
శివనగర్, వరంగల్